ప్రావస్థ మార్పుకూ గణన కాఠిన్యానికీ మధ్య ఉన్నది సిద్ధాంతమా, ఉపమానమా?

జాలకం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సాంఖ్యక భౌతికశాస్త్రంలో ఐసింగ్ నమూనా (పైకో కిందికో తిరిగే స్పిన్‌లతో కట్టిన అయస్కాంత నమూనా) పాఠం అయిపోయింది. సెమినార్‌కు అంశం వెతుక్కుంటుంటే, కఠినమైన గణన సమస్యలన్నీ ప్రావస్థ మార్పు దగ్గరే పుడతాయన్న మాట చాలాచోట్ల కనబడింది. 3-శాట్ సమస్యలో (మూడేసి నిజం-అబద్ధం చలరాశుల మీద పెట్టిన షరతులన్నీ ఒకేసారి తీరతాయా అని అడిగేది) క్లాజుల, అంటే షరతుల, సంఖ్య చలరాశుల సంఖ్యకు 4.267 రెట్లయిన చోట, నీరు మంచుగా మారినట్టే, సూత్రాలు సాధ్యం నుంచి అసాధ్యానికి ఒక్కసారిగా మారిపోతాయని, అల్గారిథంలు సరిగ్గా అక్కడే చతికిలబడతాయని అంటున్నారు.

నాకు మింగుడుపడనిది ఇది. ఎన్‌పీ-కంప్లీట్ (ఎన్‌పీలో, అంటే సాధనను ఇస్తే త్వరగా సరిచూడగలిగే సమస్యల్లో, అన్నిటికంటే కష్టమైన తరగతి) అన్నప్పుడు మాట్లాడేది అతి కష్టమైన ఉదాహరణ గురించి. ప్రావస్థ మార్పు అన్నప్పుడు మాట్లాడేది యాదృచ్ఛికంగా తీసిన ఉదాహరణ గురించి, అదీ కణాల సంఖ్య అనంతమైన హద్దులో. ఈ రెండింటికీ చుట్టరికం ఎలా కుదురుతుంది? ఇంకొక సందేహం కూడా ఉంది. పదార్థాన్ని నెమ్మదిగా చల్లబరిస్తే అది కనిష్ఠ శక్తి స్థితికి చేరుతుందని పాఠంలో చెప్పారు. స్పిన్ గాజు (స్పిన్‌ల మధ్య కొన్ని బంధాలు ఏకీభావాన్ని, కొన్ని విభేదాన్ని యాదృచ్ఛికంగా కోరే వ్యవస్థ) కనిష్ఠ శక్తిని కనుక్కోవడం ఎన్‌పీ-హార్డ్ (కనీసం ఎన్‌పీ సమస్యలన్నిటంత కష్టం) అయితే, ప్రకృతి ఆ లెక్కను చేసేస్తున్నట్టా?

బహుపది:

ముందు రెండు భాషలనూ ఒక చోటికి తెచ్చుకుందాం, ఎందుకంటే ఉపమానం అనిపించేదాంట్లో కొంత భాగం అచ్చమైన సమానత్వమే. 3-శాట్‌లో ప్రతి చలరాశి నిజమో అబద్ధమో అవుతుంది. అంటే పైకో కిందికో తిరిగిన స్పిన్ లాంటిది. ప్రతి క్లాజు మూడు చలరాశులను తీసుకుని, వాటికి సాధ్యమైన 8 విలువల కూర్పుల్లో ఒక్కదాన్ని నిషేధిస్తుంది. నిషేధం ఉల్లంఘించిన ప్రతి క్లాజుకూ ఒక యూనిట్ శక్తి అనుకోండి. అప్పుడు సూత్రానికి సాధన ఉందా అని అడగడం, ఈ వ్యవస్థ కనిష్ఠ శక్తి సున్నానా అని అడగడం, రెండూ ఒకే ప్రశ్న. సాధనలు ఎన్ని ఉన్నాయన్నది సున్నా ఉష్ణోగ్రత దగ్గరి పార్టిషన్ ఫంక్షన్ (స్థితులన్నిటి భారాల మొత్తం). వాటిలో ఒకదాన్ని సమ సంభావ్యతతో ఎంచుకోవడం బోల్ట్జ్‌మన్ వితరణ నుంచి నమూనా తీయడం. ఉజ్జాయింపుగా లెక్కపెట్టడమూ, దాదాపు సమంగా నమూనా తీయడమూ చాలా సమస్యల్లో ఒకదాని నుంచి మరొకటి రాబట్టుకోదగినవేనని జెర్రమ్, వాలియంట్, వజిరాని 1986లో చూపారు. ఇంతవరకు ఉపమానం లేదు.

4.267 సంగతికి వద్దాం. ఎన్ చలరాశులున్న సూత్రానికి మొత్తం కూర్పులు 2 ఘాతం ఎన్. యాదృచ్ఛికంగా వేసిన ప్రతి క్లాజూ సగటున వాటిలో ఎనిమిదో వంతును కొట్టేస్తుంది కాబట్టి, మిగిలే సాధనల సగటు సంఖ్య క్లాజుకు 7/8 చొప్పున తగ్గుతూ పోతుంది. లాగరిథంలు వేసి చూస్తే, క్లాజులు చలరాశులకు 5.19 రెట్లు దాటాక ఆ సగటు సున్నా వైపు పోతుంది. మరి మార్పు 5.19 దగ్గర కాకుండా అంతకు ముందే ఎందుకు వస్తుంది? ఊళ్ళో ఒక్క కోటీశ్వరుడుంటే ఊరి సగటు ఆదాయం పెరుగుతుంది కానీ ఊరు బాగుపడదు. అలాగే అతి అరుదుగా వచ్చే కొన్ని సూత్రాలకు లెక్కకు మిక్కిలిగా సాధనలుండటం వల్ల సగటు మోసం చేస్తుంది. స్పిన్ గాజులలో పార్టిషన్ ఫంక్షన్ సగటు తీయడానికీ, దాని లాగరిథం సగటు తీయడానికీ తేడా ఉందని మీరు చదివి ఉంటారు. ఇది ఆ తేడాయే.

ఇక్కడొక హెచ్చరిక. 4.267 అన్నది భౌతికశాస్త్రవేత్తల కేవిటీ పద్ధతి (ఒక చలరాశిని తీసేసి, మిగతావి దాని మీద చూపే ప్రభావాన్ని లెక్కకట్టే పద్ధతి) ఇచ్చిన సంఖ్య. 3-శాట్‌కు అది ఇప్పటికీ సిద్ధాంతం కాదు. మార్పు పదునుగానే జరుగుతుందని ఫ్రీడ్‌గట్ 1999లో నిరూపించారు, కానీ ఎక్కడ జరుగుతుందో అది చెప్పదు. నిరూపణకు లొంగిన హద్దులు కింద 3.52, పైన 4.4898. క్లాజులో చలరాశుల సంఖ్య తగినంత పెద్దదైనప్పుడు మాత్రం, భౌతికశాస్త్రం చెప్పిన చోటే మార్పు జరుగుతుందని డింగ్, స్లై, సన్ 2015లో పూర్తిగా నిరూపించారు.

మీ మొదటి సందేహం న్యాయమైనదే. శాట్ ఎన్‌పీ-కంప్లీట్ అని 1971లో కుక్ చూపినంత మాత్రాన, యాదృచ్ఛిక సూత్రాలు కష్టమైనవని తేలదు. 4.2 దగ్గర తీసిన యాదృచ్ఛిక సూత్రాలను బహుపది కాలంలో (సమస్య పరిమాణపు ఏదో ఒక స్థిర ఘాతానికి మించని కాలంలో) సాధించలేమని, పీ (బహుపది కాలంలో సాధించగల సమస్యలు), ఎన్‌పీ వేరువేరు అన్న ఊహను ఆసరాగా తీసుకుని కూడా ఎవరూ నిరూపించలేదు. 1991లో చీజ్‌మన్ బృందం, 1992లో మిచెల్, సెల్మన్, లెవెస్క్ చూపినది ప్రయోగ ఫలితం: వెనక్కి మళ్ళుతూ వెతికే ప్రోగ్రాంల సమయం, సగం సూత్రాలకు సాధన ఉండే చోట, అంటే 4.3 పరిసరాల్లో, శిఖరానికి చేరుతుంది. ఆ శిఖరం దాటాక మళ్ళీ సులువవుతుందన్న మాటను కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. క్లాజుల నిష్పత్తి ఎంత పెద్ద స్థిరాంకమైనా, సాధన లేదని రెజల్యూషన్ పద్ధతిలో (రెండేసి క్లాజులను కలిపి కొత్తవి రాబడుతూ వైరుధ్యానికి చేరే పద్ధతి) రుజువు రాస్తే దాని పొడవు ఘాతీయంగానే ఉంటుందని ష్వాతల్, సెమెరేడి 1988లోనే నిరూపించారు. శిఖరం అవతల ఉన్నది కొంచెం తక్కువ ఎత్తున్న కొండే కానీ మైదానం కాదు.

చల్లారిన గాజు:

బహుపది గారు చెప్పినదానికి భౌతికశాస్త్రం వైపు నుంచి కొంత చేరుస్తాను. నా దృష్టిలో అసలు విషయం 4.267 కాదు, దానికి ముందు జరిగేది.

గోదావరిలో నీరు తక్కువగా ఉన్నప్పుడు ఇసుక తిన్నెల మీద ఒక చోటి నుంచి ఇంకొక చోటికి కాలినడకన పోవచ్చు. నీరు పెరిగేకొద్దీ ఆ నేల లంకలుగా విడిపోయి, చివరకు ఒక లంక నుంచి మరొక లంకకు పడవ లేకుండా పోలేని స్థితి వస్తుంది. సాధనల సమితి కూడా అటువంటిదే. క్లాజులు తక్కువగా ఉన్నప్పుడు, ఒక్కొక్క చలరాశిని మార్చుకుంటూ దాదాపు ఏ సాధన నుంచైనా మరొకదానికి చేరవచ్చు. 3-శాట్‌లో నిష్పత్తి 3.86 దాటాక సాధనలు ఒకదానికొకటి దూరమైన గుంపులుగా చీలిపోతాయని కేవిటీ లెక్కలు చెబుతాయి. సాధనలు ఇంకా ఉంటాయి, లెక్కలేనన్ని ఉంటాయి, కానీ ఒక చలరాశిని అటూ ఇటూ మార్చుతూ నడిచే అల్గారిథంకు వాటి మధ్య దారి ఉండదు. 1975లో షెరింగ్టన్, కిర్క్‌ప్యాట్రిక్ ప్రతిపాదించిన స్పిన్ గాజు నమూనాకు 1979లో పరీజీ కనుగొన్న సాధనలో దాగి ఉన్న బొమ్మ ఈ కుటుంబానికి చెందినదే. 2021 నోబెల్‌లో ఆయన వాటా వెనక ఉన్న పని అది. ఆ అవగాహనతోనే మెజార్డ్, పరీజీ, జెక్కీనా 2002లో సర్వే ప్రాపగేషన్ అనే అల్గారిథం తయారుచేశారు. ఒక్కొక్క సాధన గురించి కాక లంకల గురించి సమాచారాన్ని క్లాజుల మధ్య పంపించుకుంటూ, మార్పుకు చాలా దగ్గరలో కూడా లక్షల చలరాశులున్న సూత్రాలను అది సాధించింది. ఉపమానం పనిముట్టు ఇవ్వదు. కాబట్టి కేవలం ఉపమానం అనడానికి నాకు మనసొప్పదు.

రెండో సందేహానికి సమాధానం చిన్నదే. ప్రకృతి ఆ లెక్క చేయడం లేదు. త్రిమితీయ స్పిన్ గాజు కనిష్ఠ శక్తి ఎన్‌పీ-హార్డ్ అని బరహోనా 1982లో చూపారు. ఆ మరుసటి ఏడాదే కిర్క్‌ప్యాట్రిక్, గెలట్, వెక్కి చల్లబరచడాన్ని అల్గారిథంగా మలిచి, సిమ్యులేటెడ్ అనీలింగ్ అని పేరు పెట్టారు. కనిష్ఠానికి తప్పక చేరతామన్న హామీ కావాలంటే, ఉష్ణోగ్రతను కాలపు లాగరిథంకు విలోమంగా, అంటే చెప్పనలవికానంత నెమ్మదిగా దించాలని గెమన్ సోదరుల 1984 ఫలితం. అలా దించితే పట్టే కాలం ఘాతీయం. మీ పాఠంలో నెమ్మదిగా అన్న ఒక్క మాటలో ఆ ఘాతీయ కాలమంతా దాక్కుని ఉంది. మీ కిటికీ అద్దం స్ఫటికంగా మారకుండా ఎన్నేళ్ళయినా గాజుగానే ఉండటం, కనిష్ఠ స్థితిని వెతకడంలో ప్రకృతి కూడా చిక్కుపడుతుందనడానికి నిదర్శనం.

మాత్రిక:

చల్లారిన గాజు గారి లంకల బొమ్మ నాకూ నచ్చింది, కానీ దాని మీద అతిగా ఆధారపడితే మునుగుతాం. ఒక ప్రతికూల ఉదాహరణ ఇస్తాను.

3-శాట్‌లో క్లాజుకు బదులు, మూడు చలరాశుల మొత్తం సరి కావాలి లేదా బేసి కావాలి అన్న సమీకరణం పెట్టండి. దీన్ని 3-ఎక్సార్‌శాట్ అంటారు. ఇందులో కూడా ప్రావస్థ మార్పు ఉంది. సమీకరణాలు చలరాశులకు సుమారు 0.918 రెట్లయిన చోట సాధనలు మాయమవుతాయి. లంకలూ ఉన్నాయి, సుమారు 0.818 దగ్గరే సాధనలు గుంపులుగా చీలిపోతాయి. శాట్‌లో లెక్కల మీద ఆధారపడిన బొమ్మ ఇక్కడ గణితపరంగా నిరూపణ అయింది కూడా. స్థానికంగా వెతికే పద్ధతులు, అనీలింగ్ ఈ సమస్యలో 3-శాట్ కంటే ఘోరంగా విఫలమవుతాయి. అయినా ఇంటర్ మొదటి సంవత్సరం మాత్రికల పాఠంలో మనమంతా చేసిన గాస్-జోర్డాన్ పద్ధతి, సరి-బేసి అంకగణితంలో నడిపితే, చలరాశుల సంఖ్య ఘనానికి అనుపాతమైన కాలంలో దీన్ని సాధిస్తుంది. భూభాగం ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా, నడవకుండా పోయే దారి ఒకటి ఉంది. అంటే లంకల వల్ల ఆగిపోయేది నడిచే అల్గారిథంలే కానీ అన్ని అల్గారిథంలూ కాదు.

మీరు చదివిన ఐసింగ్ నమూనాలోనూ ఇదే పాఠం ఉంది. ద్విమితీయ ఫెర్రో అయస్కాంతంలో (పక్కపక్క స్పిన్‌లు ఒకే వైపు తిరగడానికి మొగ్గేది) క్రిటికల్ ఉష్ణోగ్రత, అంటే ప్రావస్థ మార్పు జరిగే ఉష్ణోగ్రత, కంటే కింద, ఒక్కొక్క స్పిన్‌ను తిప్పే గ్లాబర్ గతిశాస్త్రం పైకి తిరిగిన ప్రావస్థ నుంచి కిందికి తిరిగిన ప్రావస్థకు పోవడానికి జాలకం భుజం పొడవుతో ఘాతీయంగా పెరిగే కాలం తీసుకుంటుంది. కానీ జెర్రమ్, సింక్లేర్ 1993లో, ఏ గ్రాఫ్ (శీర్షాలు, వాటిని జతలుగా కలిపే అంచులు ఉన్న అమరిక) మీదైనా, ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా, ఫెర్రో ఐసింగ్ పార్టిషన్ ఫంక్షన్‌ను బహుపది కాలంలో ఉజ్జాయింపుగా లెక్కించవచ్చని చూపారు. వారు స్పిన్‌లను వదిలేసి, మీరు అధిక ఉష్ణోగ్రత విస్తరణలో చూసిన అంచుల ఉపగ్రాఫ్‌ల మీద నడిచారు. 2-శాట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నిష్పత్తి 1 దగ్గర పదునైన మార్పు ఉన్నా సమస్య ఎప్పుడూ సులువే. మార్పు ఉన్నంత మాత్రాన కాఠిన్యం ఉండాలన్న నియమం లేదు.

జాలకం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మాత్రిక గారి ఉదాహరణలు చూశాక, నేను సెమినార్‌లో ఏ ధైర్యంతో ఈ రెండింటికీ సంబంధం ఉందని చెప్పాలో తెలియడం లేదు. ప్రావస్థ మార్పు జరిగే బిందువే కాఠిన్యం మొదలయ్యే బిందువు అని నిరూపణ అయిన సమస్య ఒక్కటైనా ఉందా?

బహుపది:

ఉంది. సెమినార్ మొత్తం దాని మీదే నడపమని నా సలహా.

గట్టి కణాల జాలక వాయువు నమూనా తీసుకోండి. గ్రాఫ్‌లోని శీర్షాల మీద కణాలు పెడతాం. ఒకే అంచుకు అటూ ఇటూ ఉన్న రెండు శీర్షాల మీద కణాలు ఉండకూడదు. గణితంలో దీన్నే స్వతంత్ర సమితి అంటారు. ప్రతి కణానికీ ఫ్యుగసిటీ అనే భారం ఇస్తే, స్వతంత్ర సమితులన్నిటి భారాల మొత్తం పార్టిషన్ ఫంక్షన్. ఫ్యుగసిటీ 1 అయితే అది స్వతంత్ర సమితుల సంఖ్యే.

ప్రతి శీర్షానికీ డెల్టా అంచులున్న అనంత వృక్షం మీద ఈ వాయువును ఊహించండి. ఫ్యుగసిటీ తక్కువగా ఉన్నంతవరకు, ఎంతో దూరాన ఆకుల దగ్గర ఏం జరుగుతోందో వేరు దగ్గరి శీర్షానికి తెలియదు. ఒక విలువ దాటాక తెలుస్తుంది: సరి దూరంలోని పొరలన్నీ నిండి బేసి పొరలు ఖాళీగా ఉండే ప్రావస్థ ఒకటి, దానికి తలకిందులుది ఒకటి ఏర్పడతాయి. ఆ విలువ, (డెల్టా−1) ను (డెల్టా−1) ఘాతానికి ఎత్తి, దాన్ని (డెల్టా−2) యొక్క డెల్టా ఘాతంతో భాగిస్తే వచ్చేది. డెల్టా 5 అయితే 256/243, అంటే 1 కంటే కాస్త ఎక్కువ. డెల్టా 6 అయితే 3125/4096, అంటే సుమారు 0.763. కాబట్టి ఫ్యుగసిటీ 1 దగ్గర, 5 అంచుల వృక్షం మార్పుకు ఇవతల ఉంది, 6 అంచుల వృక్షం అవతల ఉంది.

ఇప్పుడు గణన వైపు చూడండి. వైట్జ్ 2006లో, శీర్షానికి గరిష్ఠంగా డెల్టా అంచులున్న ఏ గ్రాఫ్‌కైనా, ఆ విలువకు కింద పార్టిషన్ ఫంక్షన్‌ను బహుపది కాలంలో ఉజ్జాయింపుగా లెక్కించే అల్గారిథం ఇచ్చారు. స్లై 2010లో మొదలుపెట్టి, తరువాత స్లై-సన్, విడిగా గలానిస్-స్టెఫాన్కోవిచ్-విగోడా పూర్తిచేసిన పని, ఆ విలువకు పైన అటువంటి అల్గారిథం ఉంటే ఎన్‌పీ సమస్యలన్నీ యాదృచ్ఛిక బహుపది కాలంలోకి వచ్చేస్తాయని నిరూపించింది. గరిష్ఠంగా 5 అంచులుంటే లెక్కించగలం, 6 అయితే లెక్కించలేం. అనంత వృక్షం మీద జరిగే ప్రావస్థ మార్పు, పరిమిత గ్రాఫ్‌లలో అతి కష్టమైనదాని భవిష్యత్తును నిర్ణయిస్తోంది. మీ మొదటి సందేహం అడిగింది సరిగ్గా ఈ చుట్టరికమే.

నిరూపణ లోపలి యంత్రం ఇంకా ముచ్చటగా ఉంటుంది. యాదృచ్ఛిక ద్విభాగ గ్రాఫ్ (శీర్షాలు ఎడమ, కుడి భాగాలుగా ఉండి, అంచులన్నీ ఒక భాగం నుంచి మరొక భాగానికే పోయేది) దగ్గరి నుంచి చూస్తే వృక్షంలాగే కనిపిస్తుంది. మార్పుకు అవతల, దానిలోని కణాలు ఎక్కువగా ఎడమ భాగంలోనో, ఎక్కువగా కుడి భాగంలోనో చేరతాయి. రెండిటికీ మధ్యస్థంగా ఉండటం దాదాపు జరగదు. అంటే ఆ గ్రాఫ్ ఒక బిట్‌ను దాచుకునే పెట్టెలా పనిచేస్తుంది. ఇచ్చిన గ్రాఫ్‌లోని ప్రతి శీర్షం స్థానంలో అటువంటి పెట్టె ఒకటి పెట్టి, అంచుల స్థానంలో పెట్టెల మధ్య కొన్ని తీగలు కలిపితే, పక్కపక్క పెట్టెలు వేర్వేరు వైపులు ఎంచుకోవడానికి మొగ్గుతాయి. అలా పార్టిషన్ ఫంక్షన్‌లో ప్రధాన వాటా గరిష్ఠ కోతకు (శీర్షాలను రెండు వైపులుగా విడదీసినప్పుడు వాటి మధ్య వీలైనన్ని ఎక్కువ అంచులు పడే విభజనకు) చెందుతుంది, గరిష్ఠ కోతను కనుక్కోవడం ఎన్‌పీ-హార్డ్. మార్పుకు ఇవతల పెట్టెకు రెండు స్థితులు లేవు కాబట్టి జ్ఞాపకం లేదు, జ్ఞాపకం లేకపోతే ఈ యంత్రం కట్టలేం.

మాత్రిక గారి ఫెర్రో అయస్కాంతానికి కూడా ఇక్కడే వివరణ దొరుకుతుంది. దానికీ రెండు ప్రావస్థలున్నాయి, పెట్టెలు కట్టుకోవచ్చు. కానీ ఆ పెట్టెలు పక్కవాటితో ఏకీభవించాలని చూస్తాయి. అందరూ ఒకే వైపు తిరిగితే చాలు, అందులో సాధించాల్సిన సమస్యేమీ లేదు. కాఠిన్యానికి జ్ఞాపకంతో పాటు విభేదం కూడా కావాలి.

చల్లారిన గాజు:

ఇది చదివాక నా మాటను కొంత సవరించుకుంటాను. యాదృచ్ఛిక సమస్యల్లో ఇంత శుభ్రమైన ఫలితం ఇంకా లేదు. మాత్రిక గారన్నట్టు, ఏ తరగతి అల్గారిథంలు ఆగిపోతాయో చెప్పడమే ప్రస్తుతానికి సాధ్యం. గమార్నిక్, సుడాన్ 2014 నుంచి చేస్తున్నది అదే. మంచి సాధనలు రెండిటిని తీస్తే అవి బాగా దగ్గరగానో బాగా దూరంగానో ఉండి, మధ్య దూరాల్లో ఏమీ లేకపోతే, స్థానిక అల్గారిథంలు అక్కడికి చేరలేవని నిరూపించగలుగుతున్నారు. యాదృచ్ఛిక రెగ్యులర్ గ్రాఫ్‌లలో (ప్రతి శీర్షానికీ ఒకే సంఖ్యలో అంచులున్నవి) శీర్షానికి అంచుల సంఖ్య పెరిగేకొద్దీ, స్థానిక అల్గారిథంలకు దొరికే స్వతంత్ర సమితి నిజంగా ఉన్న అతి పెద్దదాంట్లో సగం పరిమాణం దగ్గరే ఆగిపోవడం దీని ప్రసిద్ధ రూపం. అటువంటి ఖాళీ లేనిచోట స్పిన్ గాజు కూడా లొంగుతుంది. షెరింగ్టన్-కిర్క్‌ప్యాట్రిక్ నమూనాలో ఆ ఖాళీ లేదన్న ఊహ మీద, కనిష్ఠ శక్తికి కోరినంత దగ్గరగా చేరే అల్గారిథంను మోంటనారి 2019లో ఇచ్చారు. ఊహ ఇంకా నిరూపణ కావాల్సి ఉంది.

జాలకం:

చాలా స్పష్టంగా చెప్పారండీ. అయితే నా సెమినార్‌లో మొదటి వాక్యం ఇలా రాసుకుంటున్నాను: శీర్షానికి 5 అంచుల వరకు ఉన్న గ్రాఫ్‌లలో స్వతంత్ర సమితుల సంఖ్యను బహుపది కాలంలో కనుక్కోవచ్చు, 6 అయితే కనుక్కోలేం.

మాత్రిక:

ఉజ్జాయింపుగా అన్న మాట చేర్చండి, లేకపోతే ఎదురుగా కూర్చున్నవారు మొదటి నిమిషంలోనే పట్టుకుంటారు. కచ్చితమైన సంఖ్య కావాలంటే ప్రతి శీర్షానికీ 3 అంచులున్న గ్రాఫ్‌లలోనే సమస్య షార్ప్-పీ-కంప్లీట్ (ఎన్‌పీ సమస్యల సాధనలను లెక్కపెట్టే సమస్యల్లో అతి కష్టమైన తరగతి) అని గ్రీన్‌హిల్ 2000లో చూపారు. 3, 4, 5 దగ్గర కచ్చితమైన లెక్క కష్టం, ఉజ్జాయింపు సులువు. 6 నుంచి రెండూ కష్టం. కనుక్కోలేం అన్న మాటకు పక్కన, ఎన్‌పీ సమస్యలు యాదృచ్ఛిక బహుపది కాలంలో లేకపోతే, అన్న షరతు కూడా రాయండి. బల్ల మీద చేసి చూపడానికి సులువైన ఉదాహరణ కావాలంటే 2 అంచులు తీసుకోండి. గ్రాఫ్ గొలుసులుగా, వలయాలుగా విడిపోతుంది. గొలుసులో 1, 2, 3, 4 శీర్షాలుంటే స్వతంత్ర సమితులు వరుసగా 2, 3, 5, 8. ఏకమితీయ ఐసింగ్ కోసం మీరు వాడిన ట్రాన్స్‌ఫర్ మాత్రికతోనే ఆ ఫిబొనాచి వరుస మూడు పంక్తుల్లో వస్తుంది.